ముడి లేని తివాచీ

టఫ్టింగ్ గురించి చెప్పడం మొదలుపెట్టిన ఎవరైనా మాట సగంలో ఉండగానే ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తారు. చట్రానికి బిగించిన తెల్ల గుడ్డ, దాని మీద డ్రిల్లింగ్ మిషన్‌ను పోలిన ఒక గన్. అది బర్రుమంటూ గుడ్డలోకి ఊలు దించుకుంటూ పోతుంది. తర్వాత చట్రాన్ని అటు తిప్పుతారు. ఇటువైపు వట్టి గీతలుగా కనిపించినవి అటువైపు మెత్తటి తివాచీ అయి ఉంటాయి. చివర్లో ట్రిమ్మర్‌తో పైన గొరుగుతారు. నూగు రాలుతుంది, బొమ్మ అంచులు తేలతాయి. మొత్తం ముప్ఫై సెకన్లు. చూడ్డానికి భలే ఉంటుంది. నేనూ అర్ధరాత్రి దాకా వరసపెట్టి చూసినవాడినే.

కానీ ఆ వీడియో ఆఖర్లో రెండు సెకన్లు కనబడే తివాచీని ఆపి చూడండి. చాలాసార్లు అది ఒక కార్టూన్ బొమ్మో, బూట్ల కంపెనీ లోగోనో, ఏదో ఆల్బమ్ అట్టో అయి ఉంటుంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో టిక్‌టాక్ ద్వారా ఈ హాబీ ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు హైదరాబాద్‌లో, బెంగళూరులో కూడా స్టూడియోలు ఉన్నాయి. డబ్బు కట్టి, కొన్ని గంటలు కూర్చుని, సాయంత్రానికి మనం చేసిన చిన్న రగ్గును చంకన పెట్టుకుని ఇంటికి రావచ్చు. ఆ గోడల మీద వేలాడే నమూనాలన్నీ చూశాక నాకొక ప్రశ్న మిగిలింది. ఇంత మంచి పనిముట్టుతో ఇంత తక్కువ ఎందుకు చేస్తున్నాం?

"హాబీయే కదా, సరదాగా చేసుకుంటున్నారు, వదిలెయ్" అని మిత్రులంటారు. వదిలెయ్యడం కూడా ఒక రకమైన చిన్నచూపే అని నా అనుమానం. ఆఫీసు అయ్యాక కవిత్వం రాసే వాళ్ళను మనం అలా వదిలేయం. బాగుంటే బాగుందంటాం, పేలవంగా ఉంటే అదీ చెబుతాం. కవిత్వం మీద మనకు గౌరవం ఉంది కాబట్టే ఆ పని చేస్తాం. టఫ్టింగ్‌కూ ఆ గౌరవం ఇవ్వాలని ఈ వ్యాసం.

ముందు అసలు ఇదేమిటో చూద్దాం. పాత పద్ధతి తివాచీలో మగ్గం మీద పడుగు దారాలు ఉంటాయి. ఆ దారాల చుట్టూ నేతగాడు ఊలుతో ఒక్కొక్క ముడి వేస్తాడు. ఒక వరస ముడులయ్యాక పేక దారం తోసి గట్టిగా దిగ్గొడతాడు. ముడికి పడుగు ఆసరా, వరసకు పేక ఆసరా. టఫ్టింగ్‌లో ముడి లేదు, మగ్గం లేదు. ముందే నేసి ఉన్న గుడ్డను చట్రానికి డోలు చర్మంలా బిగిస్తారు. గన్ సూది ఆ గుడ్డలోంచి ఊలును అవతలికి పొడుస్తుంది. ఒక రకం గన్‌లో సూదితో పాటు చిన్న కత్తెర కూడా ఉండి పోగును కత్తిరిస్తుంది, కుచ్చు ఏర్పడుతుంది. ఇంకో రకం కత్తిరించకుండా ఉంగరంలా వదిలేస్తుంది. గుడ్డ బిగువు తప్ప అప్పటికి ఆ కుచ్చును పట్టుకుని ఉంచేది ఏమీ లేదు. వేలితో లాగితే ఊడి వస్తుంది. అందుకే చివర్లో వెనకవైపు లేటెక్స్ జిగురు పూసి, దాని మీద ఇంకో గుడ్డ అంటిస్తారు. అంటే టఫ్టెడ్ తివాచీని నిలబెట్టేది జిగురు. దీని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే వాడిగా నాకు ఈ తేడా వేరేలా కూడా కనిపిస్తుంది. ముడి తివాచీ పిక్సెళ్ళ బొమ్మ. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ఆర్దబిల్ తివాచీ 1539–40 నాటిది. అందులో చదరపు అంగుళానికి దాదాపు 340 ముడులున్నాయి. ఆ ముడుల సాంద్రతే దాని రిజల్యూషన్. కశ్మీర్‌లో తివాచీ డిజైన్‌ను 'తాలీం' అనే సంకేత లిపిలో రాస్తారు. ఏ రంగు, ఎన్ని ముడులు అని ఒకరు పాటలా చదువుతుంటే మగ్గం ముందున్న వాళ్ళు వేసుకుంటూ పోతారు. అది అచ్చంగా ప్రోగ్రామే. అజర్‌బైజాన్ కళాకారుడు ఫైగ్ అహ్మద్ ఈ పోలికనే పట్టుకున్నాడు. సంప్రదాయ తివాచీ కిందికి వచ్చేసరికి పిక్సెళ్ళుగా విడిపోయినట్టు, కరిగి నేల మీదికి కారినట్టు కంప్యూటర్లో గీస్తాడు. ఆ డిజైన్‌ను నేతగాళ్ళు మగ్గం మీద చేత్తో ముడులు వేసి నేస్తారు.

టఫ్టింగ్ అలా గళ్ళలో నడవదు. అది గీత. గన్ ఎటు పోతే ఊలు అటు పోతుంది. వంపు తిరగొచ్చు, మధ్యలో ఆగొచ్చు, ఒకచోట దట్టంగా, ఇంకోచోట పలచగా పోవచ్చు. కుచ్చు పొడవు మార్చుకోవచ్చు. తివాచీల కుటుంబంలో పుట్టినా దీని స్వభావం చిత్రలేఖనానిది. నా వాదన అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది. టఫ్టింగ్‌ను నేతగా చూస్తే అది ఎప్పుడూ నాసిరకం నేతే. గీతగా చూస్తేనే అందులో మంచేదో, చెడేదో తెలుస్తుంది.

సాహిత్యం చదివేవాళ్ళకు ఇది కొత్త గొడవేం కాదు. పడుగూ పేకా ఛందస్సు లాంటివి. అందులో రాసేవాడికి చాలా నిర్ణయాలు ముందే అయిపోయి ఉంటాయి. గణం ఎక్కడ ఆగాలో, యతి ఎక్కడ పడాలో చట్రమే చెబుతుంది. వచన కవిత ఆ చట్రాన్ని తీసేసింది. మొదలుపెట్టడం తేలికైంది, మంచిది రాయడం ఇంకా కష్టమైంది. పాదం ఇక్కడే ఎందుకు విరిగింది అని అడిగితే కవి దగ్గర జవాబు ఉండాలి. టఫ్టింగ్ చేసేవాళ్ళను కూడా అదే అడగాలనిపిస్తుంది. ఈ గీత ఇక్కడే ఎందుకు తిరిగింది? ఇక్కడ కుచ్చు ఎందుకు పొట్టిగా ఉంది? "ప్రొజెక్టర్‌లో అలా ఉంది" అన్నదే జవాబైతే, అక్కడ గీసినవాళ్ళు లేరు, దిద్దినవాళ్ళే ఉన్నారు.

స్టూడియోల్లో పద్ధతి చాలావరకు అదే. ఇంటర్నెట్‌లోంచి ఒక బొమ్మ తీసుకుంటారు. పని వెనకవైపు నుంచి జరుగుతుంది కాబట్టి దాన్ని అద్దంలోలా తిరగేస్తారు. ప్రొజెక్టర్‌తో గుడ్డ మీద పడేసి, మార్కర్‌తో అంచులు గీసి, లోపలంతా ఊలుతో నింపుతారు. నేనూ రెండు వారాంతాలు ఒక స్టూడియోలో అలా చేసి చూశాను. మొదటి గంటలోనే ఒళ్ళు కొన్ని సంగతులు నేర్చుకుంటుంది. గన్‌ను గుడ్డకు ఆనించి నొక్కి ఉంచాలి. నొక్కు తగ్గిందా, పోగు బయటికి వచ్చేస్తుంది. గన్‌ను దాని ముఖం ఉన్న దిక్కుకే నడపాలి, అడ్డంగా లాగితే గుడ్డ చిరుగుతుంది. భుజం లాగుతుంది, చెవులు గింగురుమంటాయి. అన్నిటికంటే నన్ను పట్టేసిన సంగతి, చేస్తున్నంతసేపూ ముందువైపు కనబడకపోవడం. మనం చూస్తున్నది వెనక, అసలు బొమ్మ అవతల పెరుగుతోంది. ఊహలో రెండో వైపును మోస్తూ పని చెయ్యాలి. గీసేవాడికి ఇది గొప్ప అవకాశం. ప్రొజెక్టర్ గీత మీద నడుస్తున్నంతసేపు ఆ అవకాశం మన చేతికి రాదు.

మరి దాన్ని అందిపుచ్చుకున్న వాళ్ళున్నారా? ఉన్నారు. అర్జెంటీనా కళాకారిణి అలెగ్జాండ్రా కెహయోగ్లూ పనిని నేను ఇందుకు మొదటి ఉదాహరణగా చెబుతాను. ఆవిడ నానమ్మ ఇప్పటి తుర్కియేలోని ఇస్పార్తా నుంచి అర్జెంటీనాకు వచ్చిన గ్రీకు వలసదారు, తివాచీలు నేసిన మనిషి. కుటుంబానికి బ్యూనస్ ఐరెస్‌లో తివాచీల ఫ్యాక్టరీ ఉంది. అలెగ్జాండ్రా ఆ ఫ్యాక్టరీలో మిగిలిపోయిన ఊలు తీసుకుని, టఫ్టింగ్‌తో నేలలను తయారుచేస్తుంది. గడ్డి, నాచు, బురద, నీటి చార. 2014 సెప్టెంబరులో పారిస్‌లో డ్రీస్ వాన్ నోటెన్ ఫ్యాషన్ షోకు ఆవిడ చేసిన పొడవాటి నాచు తివాచీ మీద మోడళ్ళు నడిచి, ఆఖర్న అడవిలో అలసిపోయిన వాళ్ళలా దాని మీదే వాలిపోయారు. అక్కడితో ఆగి ఉంటే అది ఖరీదైన అలంకారం అనేవాళ్ళం. ఆవిడ ఆగలేదు.

2016లో చేసిన 'నో లాంగర్ క్రీక్' బ్యూనస్ ఐరెస్ పరిసరాల్లో మనుషులు పాడుచేసిన ఒక వాగు మీద పని. మరుసటి ఏడాది మెల్‌బోర్న్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియా ట్రియనాలేలో పెట్టిన 'సాంతా క్రూజ్ రివర్' పెటగోనియాలోని హిమనదుల నీటితో పారే నది గురించి. ఆ నది మీద రెండు పెద్ద ఆనకట్టలు కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయం మీద అప్పటికే పెద్ద వివాదం నడుస్తోంది. ఆ తివాచీ గోడ మీది నుంచి నేల మీదికి జారుతుంది. నీలం, ఆకుపచ్చ చారలతో నది, రెండు పక్కలా ఎండిన గడ్డి రంగు మైదానం. దూరం నుంచి విమానంలోంచి తీసిన ఫోటోలా ఉంటుంది. దగ్గరకు పోయేకొద్దీ ఒకచోట కుచ్చు ఎత్తుగా పొదలా లేస్తుంది, ఇంకోచోట గొరిగిన నేలలా అణిగిపోతుంది.

ఆ పనిలో నాకు నచ్చింది పర్యావరణ సందేశం ఒక్కటే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. సందేశం మంచిదైనంత మాత్రాన కవిత మంచిదైపోదు కదా. ఇక్కడ పద్ధతి, విషయం ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కుచ్చు ఎత్తు మార్చడం టఫ్టింగ్‌లో చాలా తేలిక, ఆవిడ దాంతోనే గడ్డి పెంచింది. గీత ఎటైనా వంపు తిరగగలదు, ఆవిడ దాంతోనే నదిని నడిపింది. ఇంకా లోతుకు వెళ్తే, ఈ తివాచీలో ముడి లేదు, ప్రతి పోగూ లాగితే ఊడిపోయేదే. నిలుస్తుందో లేదో తెలియని నదిని, ముడి లేని ఊలుతో చేసింది. ఆవిడ దీన్ని ఉద్దేశించిందో లేదో గాని, ఆ తివాచీ ముందు ఈ ఆలోచన రాకుండా ఉండదు. అదే నదిని ఆర్దబిల్ పద్ధతిలో ముడులతో నేసి ఉంటే అది స్మారక చిహ్నంలా స్థిరపడిపోయేది. ఇప్పుడు అది హెచ్చరికలా ఉంది.

రెండో ఉదాహరణ కరోలిన్ అషాంత్రే. తూలూజ్‌లో పుట్టి, జర్మనీలో పెరిగి, ఏళ్ళ తరబడి లండన్‌లో పనిచేసింది. కళ చదవక ముందు కమ్మరి పని నేర్చుకుంది. ఆమె టఫ్టెడ్ పనులు గోడకు వేలాడతాయి. పొడవాటి ఊలు పోగులు కత్తిరించకుండా కిందికి జారుతుంటాయి. చూస్తే ముఖంలా ఉంటుంది, మాస్క్‌లా ఉంటుంది, ఒక్కోసారి ఏదో జంతువు తోలులా ఉంటుంది, ఏదీ పూర్తిగా అవదు. మన వీడియోల్లో అందరూ ట్రిమ్మర్‌తో గొరిగి శుభ్రం చేసే భాగాన్నే ఆమె వదిలేసింది. అంచు నీటుగా లేకపోవడమే అక్కడ బొమ్మకు ప్రాణం. హాబీగా చేసేవాళ్ళు ఆమె నుంచి నేర్చుకోదగ్గది చాలా ఉంది. దానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, గ్యాలరీ అక్కర్లేదు, ట్రిమ్మర్ పక్కన పెట్టే ధైర్యం చాలు.

ఇక ఈ హాబీ పుట్టిల్లు సంగతి. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో డాల్టన్ అనే ఊరు ఉంది. 1895లో ఆ ఊరి దగ్గర కేథరిన్ ఇవాన్స్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి, అంతకుముందు బంధువుల ఇంట్లో చూసిన పాత దుప్పటి లాంటిదే తనూ చేసింది. గుడ్డలోంచి మందపాటి నూలు పోగులు సూదితో దూర్చి, కత్తిరించి, కుచ్చులు తేల్చింది. తర్వాత ఆ దుప్పటిని వేడినీళ్ళలో ఉడకబెట్టింది. గుడ్డ ముడుచుకుని కుచ్చుల్ని బిగించి పట్టుకుంది. జిగురు లేదు, నీళ్ళే జిగురు. 1900లో మొదటిసారి ఒక దుప్పటిని రెండున్నర డాలర్లకు అమ్మింది. అడిగేవాళ్ళు పెరిగారు. ఆమె ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు నేర్పింది. డిజైన్ ముద్రించిన గుడ్డ, నూలు ఇళ్ళకు పంపితే పల్లెల్లో ఆడవాళ్ళు కుచ్చులు కుట్టి ఇచ్చేవాళ్ళు. యూ.ఎస్. 41 హైవే పక్కన తీగల మీద ఆరేసిన నెమళ్ళ దుప్పట్ల వల్ల ఆ దారికి 'పీకాక్ ఆలీ' అని పేరొచ్చింది. 1930ల్లో యంత్రాలు వచ్చాయి. యుద్ధం తర్వాత యంత్రాల వెడల్పు పెరిగి దుప్పట్ల నుంచి తివాచీలకు మళ్ళాయి. డాల్టన్ తనను తాను ప్రపంచ తివాచీల రాజధాని అని పిలుచుకునే స్థాయికి వెళ్ళింది.

అదే డాల్టన్‌లో పుట్టిన ట్రిష్ ఆండర్సన్ ఇప్పుడు టఫ్టింగ్ గన్‌తో, డబ్బాలోంచి ఒలికిన రంగులా గోడ మీది నుంచి కారే తివాచీలు చేస్తోంది. అంటే అక్కడ చుట్టు పూర్తయింది. ఒక అమ్మాయి సరదా పల్లెల్లో కూలి పని అయింది, కూలి మిల్లు అయింది, మిల్లు పనిముట్టు చిన్నదై మళ్ళీ ఒకరి సరదాలోకి వచ్చింది. కేథరిన్ కథలో గమనించాల్సింది ఇంకోటుంది. ఆమె మొదలుపెట్టింది నకలుతోనే. నకలు చెయ్యడం తప్పని నేను అనడం లేదు, చేతికి పని అలాగే వస్తుంది. అయితే ఆమె నకలు చేసింది ఒక పద్ధతిని. మనం నకలు చేస్తున్నది ఒక లోగోను.

చుట్టు డాల్టన్‌లో పూర్తయిందేమో గాని మన దేశంలో కాలేదు. ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్ ప్రాంతం మన తివాచీ ఎగుమతులకు గుండెకాయ. భదోహి చేనేత తివాచీలకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముడి తివాచీలతో పాటు అక్కడ టఫ్టెడ్ తివాచీలు కూడా పెద్ద ఎత్తున తయారవుతాయి. నిలువునా బిగించిన గుడ్డ, చేతిలో గన్, వెనక జిగురు, ముందు కత్తెర. స్టూడియోలో మనం వారాంతానికి చేసే పనినే అక్కడ మగవాళ్ళు రోజంతా, ఏళ్ళ తరబడి చేస్తారు. చేసిన కొలతను బట్టి కూలి. మనకు ఆ గన్ శబ్దం ఒత్తిడి తగ్గించే మందు. వాళ్ళకు అది పని శబ్దం. మనం తివాచీ చేసి కింద పేరు పెట్టుకుంటాం, ఫోటో పెడతాం. వాళ్ళు చేసినదాని మీద ఎగుమతిదారు పేరుంటుంది, 'హ్యాండ్‌మేడ్' అన్న మాట ఉంటుంది. ఆ హ్యాండ్ ఎవరిదో ఉండదు. కళ, కూలి అనే విభజన పనిలోంచి రావడం లేదని ఇక్కడ తెలిసిపోతుంది. గన్ ఒకటే, గుడ్డ ఒకటే. బొమ్మను ఎంచుకునే హక్కు ఎవరి దగ్గరుందన్నదే తేడా.

అందుకే ప్రొజెక్టర్ మీద నాకు అంత పట్టింపు. భదోహి కార్మికుడికి డిజైన్ పైనుంచి వస్తుంది, దాటడానికి వీల్లేదు. మనకు ఆ కట్టుబాటు లేదు. ఎంచుకునే హక్కు మన చేతిలో ఉంది, పైగా డబ్బు కట్టి మరీ సంపాదించుకున్నాం. దాన్ని తీసుకెళ్ళి ఒక కంపెనీ లోగోకు అప్పగించి వస్తే, మిగిలేది కూలి పనిని అనుకరించడమే, కూలి లేకుండా.

'హ్యాండ్‌మేడ్' అనే మాట విన్నప్పుడు తివాచీని తిరగేసి చూడాలి. ముడి తివాచీ వెనక కూడా డిజైన్ కనిపిస్తుంది, ఒక్కో ముడి లెక్కపెట్టుకోవచ్చు. టఫ్టెడ్ తివాచీ వెనక గుడ్డ అంటించి ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి లేటెక్స్ ఎండి పొడిగా రాలుతుంది. ఏలూరులో ఊలు తివాచీలు ముడులతో నేసే సంప్రదాయం ఉంది. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు కుచ్చే ఉండదు, వట్టి పడుగూ పేకా. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టఫ్టింగ్ వీటికి పోటీ అని నేను అనుకోను. ఒక్క మధ్యాహ్నంలో అయ్యే రగ్గును, నెలలు పట్టే తివాచీ పక్కన పెట్టి ఒకే మాటతో పిలవడంతోనే నా పేచీ. ధర దగ్గర ఆ మాట వల్ల నష్టపోయేది మగ్గం ముందున్న మనిషే.

ఇన్ని చెప్పాక నేను టఫ్టింగ్ మానెయ్యమంటున్నానని అనుకోవద్దు. ఇంకా ఎక్కువమంది చెయ్యాలి. మగ్గం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, గన్ ఒక గంటలో చేతికి అలవాటవుతుంది. అంత త్వరగా గీత గీయనిచ్చే, అంత మెత్తటి మాధ్యమం ఇంకోటి నాకు తెలియదు. స్టూడియోలు నడిపేవాళ్ళకు ఒక్క సూచన. వచ్చినవాళ్ళకు మొదటి అరగంట ప్రొజెక్టర్ ఇవ్వకండి. ఖాళీ గుడ్డ, రెండు రంగుల ఊలు ఇచ్చి, వాళ్ళు రోజూ నడిచే దారిని గన్‌తో గీయమనండి. వంకర్లు పోతుంది, పోనివ్వండి. హైదరాబాద్‌లో రోజూ నడిచే దారంటే ఒక బండరాయి పక్కనుంచో, అపార్ట్‌మెంట్ల కింద కలిసిపోయిన ఏ కుంట మీదుగానో పోయేదే. కెహయోగ్లూకు ఒక వాగు దొరికినట్టు ఇక్కడ ఎవరికో ఒకరికి ఒక కుంట దొరకొచ్చు. ఆ తివాచీ ఎవరైనా చేస్తే, దాని గురించి రాయడానికి నాకు ఇంకో రెండు వేల మాటలు కావాలి.